మేతలో పసుపు కలిపితే చేపకు జబ్బు రాదా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. చెన్నైలోనూ, ఆనుకుని ఉన్న తిరువళ్లూరు జిల్లాలోనూ స్థిరపడి చేపల చెరువులు నడుపుతున్న మన తెలుగువారు, ఆ చేపను కొని వండుకునే గృహిణులు, మత్స్యశాస్త్రం చదువుతున్న విద్యార్థులు అడిగినది మేతలో మూలికలు కలపడం గురించే. అందువల్ల ఈసారి మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, చోటంతా దీనికే ఇస్తున్నాను. ఉత్తరాలు పొడుగ్గా ఉన్నచోట కుదించాను కాని అడిగిన సంగతిని మార్చలేదు.

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లె. పదేళ్లుగా మాధవరంలో ఉంటూ, గుమ్మిడిపూండి వైపు మూడెకరాల చెరువు కౌలుకు తీసుకుని రోహు, కట్ల పెంచుతున్నాను. నిరుడు కార్తీక మాసంలో వానల తరువాత చేప ఒంటిమీద ఎర్రమచ్చలు లేచి, పుండ్లు పడి, దాదాపు పావు వంతు పోయింది. మేతలో పసుపు, వెల్లుల్లి కలిపితే జబ్బు రాదని మా ఊరివాళ్లు అంటున్నారు. నిరుడు జబ్బు కనిపించాక నేను తవుడులో పసుపు కలిపాను. పనిచేయలేదు. ఎంత కలిపితే పనిచేస్తుంది?
– ఒక రైతు, మాధవరం

జవాబు: మీ ఉత్తరంలోని చివరి మాటల దగ్గరే నా జవాబు మొదలుపెడతాను. జబ్బు కనిపించాక పసుపు కలిపాననీ, పనిచేయలేదనీ రాశారు. ఆ తప్పు పసుపుది కాదు. జబ్బుపడిన చేప మొట్టమొదట మేత మానేస్తుంది. మందను విడిచి గట్టు వారగా నీరసంగా తిరిగే చేప మేత బస్తా దగ్గరికి రానే రాదు. వచ్చేది ఇంకా ఆరోగ్యంగా ఉన్న చేప. కాబట్టి మేతలో మీరు కలిపినది పసుపైనా, దుకాణంలో కొన్న మందైనా, అది చేరవలసిన చేపకు చేరదు. ఈ కారణం వల్లనే మూలికలు కలిపిన మేతను వైద్యంగా చూడకూడదు. జబ్బుల కాలం రాకముందే చేప ఒంటిని సిద్ధం చేసుకునే ఏర్పాటుగా చూడాలి. ముప్పై ఏళ్లకు పైగా చెరువుగట్ల మీద తిరిగిన నాకు, రైతు సోదరులకు అన్నిటికంటే గట్టిగా చెప్పాలనిపించే మాట ఇది.

ఇక ఎర్రమచ్చల సంగతి. ఒకే రకం మచ్చ వెనుక వేరువేరు కారణాలు ఉంటాయి. 1988లో మన దేశంలోకి ప్రవేశించిన పుండ్ల వ్యాధికి మూలం అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజు జాతి సూక్ష్మజీవి. నీరు చల్లబడే కాలంలో, వానల తరువాత అది విజృంభిస్తుంది. ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియా వల్ల కూడా ఒళ్లు ఎర్రబడి, పొలుసులు లేచి, పొట్ట నీరు పడుతుంది. చేప పేను కుట్టిన చోట చిన్న ఎర్రని చుక్కగా మొదలై, ఆ గాయంలో బాక్టీరియా చేరి పుండుగా మారడం కూడా తరచుగా చూస్తాం. ఈ మూడింటికి చేయవలసిన పనులు వేరు. పుండ్ల వ్యాధి అయితే ముందు సున్నం వేసి నీటిని సరిచేసుకోవాలి. దానికోసం భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ, అంటే సీఫా, రూపొందించిన సిఫాక్స్ అనే మందును హెక్టారుకు మీటరు లోతు నీటికి 1 లీటరు చొప్పున వాడతారు. పేను అయితే మందు దారి వేరు. కనుక ఈసారి మచ్చ కనబడిన రోజునే రెండు మూడు చేపలను ప్రాణంతో ఉండగానే నీళ్ల సంచిలో పెట్టి పరీక్షకు తీసుకుపోండి. చచ్చి తేలిన చేపను తీసుకుపోతే అప్పటికే కుళ్లు బాక్టీరియా చేరి అసలు కారణం తెలియకుండా పోతుంది. మీకు అందుబాటులోనే తమిళనాడు డాక్టర్ జె. జయలలిత మత్స్య విశ్వవిద్యాలయానికి పొన్నేరిలో కళాశాల, మాధవరంలో ఆవరణ ఉన్నాయి.

మోతాదు అడిగారు కనుక లెక్క వేసి చూపుతాను. మీ మూడెకరాల్లో సగటున 400 గ్రాముల చేప 7,500 ఉన్నదనుకుందాం. మొత్తం బరువు 3,000 కిలోలు. రోజు మేత ఒంటి బరువులో నూటికి 2 పాళ్లు అనుకుంటే 60 కిలోలు. కిలో మేతకు 5 గ్రాముల వెల్లుల్లి చొప్పున రోజుకు 300 గ్రాములు, కిలో మేతకు 2 గ్రాముల పసుపు చొప్పున 120 గ్రాములు సరిపోతాయి. ఇది చాలా తక్కువగా కనిపిస్తుంది. రైతులు సాధారణంగా గుప్పిళ్లతో వేస్తారు, చేతికి పచ్చగా అంటుకుంటే తప్ప తృప్తి ఉండదు. కాని చేప ఒంటిమీద మూలిక పనిచేసే తీరు కొండ ఆకారంలో ఉంటుంది: మోతాదు పెరుగుతున్నకొద్దీ కొంతవరకు మేలు పెరుగుతుంది, ఆపైన తగ్గడం మొదలవుతుంది, ఇంకా పెంచితే మేత రుచి చెడి ఎదుగుదల కుంటుపడుతుంది.

ఎంత కలపాలన్నదానికంటే ఎలా కలపాలన్నది ముఖ్యం. వెల్లుల్లిలో మనకు కావలసిన అల్లిసిన్ అనే పదార్థం రెబ్బలో ముందే సిద్ధంగా ఉండదు. రెబ్బను దంచినప్పుడు దానిలోని అల్లిన్ అనే పదార్థం మీద అల్లినేజ్ అనే ఎంజైము పనిచేసి, కొద్ది నిమిషాల్లో అల్లిసిన్‌ను పుట్టిస్తుంది. రెబ్బలను ముందే ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది, అల్లిసిన్ పుట్టదు. కనుక దంచి, పది నిమిషాలు అలాగే ఉంచి, వేడి తగలకుండా మేతలో కలపాలి. దంచిన ముద్దను మరునాటికి దాచకూడదు. పసుపుది మరొక స్వభావం. కొమ్ములో నూటికి 2 నుంచి 5 పాళ్లు ఉండే కర్‌క్యుమిన్ నీటిలో దాదాపుగా కరగదు, నూనెలో కరుగుతుంది, ఎండ తగిలితే చెడిపోతుంది. అందువల్ల పసుపును ముందు కొంచెం చేపనూనెలోనో, వేరుశనగ నూనెలోనో కలిపి, ఆ నూనెను మేతకు పట్టించి, నీడలో ఆరబెట్టాలి.

మన కొల్లేరు పద్ధతిలో కన్నాలు పెట్టిన బస్తాల్లో తవుడు, నూనె తీసిన గింజల చెక్క నింపి గెడలకు కట్టడం మీకు అలవాటై ఉంటుంది. ఆ పద్ధతి చేప మేత తినడానికి బాగుంటుంది కాని, మూలికల పొడికి తగినది కాదు. పొడి కన్నాల గుండా నీటిలోకి జారిపోయి చెరువు అడుగుకు చేరుతుంది. మూలికలు ఇచ్చే రోజుల్లో మొత్తం మేతలో కాకుండా, ఉదయం ఇచ్చే మొదటి విడతలో మాత్రమే, చిక్కటి గంజితో ముద్దలా కలిపి, ఆ రోజు మోతాదంతా అందులోనే వచ్చేలా చూసి, పళ్లాలలో పెట్టండి. ఆకలి మీద ఉన్న చేప అరగంటలో దాన్ని తినేస్తుంది. తేలే గుళికల మేత వాడుతున్నట్లయితే పని మరీ సులభం: నూనెలో కలిపిన పసుపును, వెల్లుల్లి రసాన్ని గుళికల మీద చిలకరించి, కలియబెట్టి, ఒక గంట నీడలో ఆరనిచ్చి చల్లవచ్చు.

కాలం విషయానికి వస్తే, చెన్నై వైపు ఈశాన్య రుతుపవనం అక్టోబరు మధ్య నుంచి వానలు తెస్తుంది. కోస్తా ఆంధ్రలో నైరుతి వానలకు అలవాటుపడిన మీరు ఇక్కడి వానల కాలానికి తగినట్లు పంచాంగాన్ని మార్చుకోవాలి. సెప్టెంబరు రెండో వారంలో మొదలుపెట్టి మూడు వారాలు ఇవ్వండి, రెండు వారాలు ఆపండి, మళ్లీ మూడు వారాలు ఇవ్వండి. ఏడాది పొడుగునా రోజూ ఇవ్వడం వల్ల ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఒకే ప్రేరణ ఎడతెగకుండా తగులుతుంటే రక్షణ కణాలు దానికి స్పందించడం తగ్గిస్తాయి.

ఒక్క పని మాత్రం తప్పకుండా చేయమని కోరుతున్నాను. చెరువులో రెండు హాపాలు, అంటే వలగుడ్డతో కుట్టిన పెట్టెలు, కట్టి, రెండింటిలోనూ ఒకే సైజు చేపపిల్లలను సమానంగా వేసి, ఒకదానికి మూలికల మేత, మరొకదానికి మామూలు మేత ఇచ్చి, పదిహేను రోజులకొకసారి తూచి పుస్తకంలో రాసుకోండి. మీ నీటిలో, మీ చేప మీద ఏది పనిచేస్తుందో ఆ పుస్తకం మీకు చెబుతుంది.

ప్రశ్న: మేము టి. నగర్‌లో ఉంటాం. చింతాద్రిపేట మార్కెట్‌లో దొరికే చెరువు చేప చాలావరకు ఆంధ్రా నుంచే వస్తుందని చెబుతారు. చెరువు చేపకు మందులు పెడతారని భయపడి మా ఇంట్లో మానేశాం. ఇప్పుడు పసుపు, తులసి మేత తిన్న చేప అని ఒకచోట ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. అది తింటే మనకు కూడా ఆ మూలికల గుణం వస్తుందా?
– ఒక గృహిణి, టి. నగర్

జవాబు: రాదమ్మా. చేప తిన్న పసుపులో ఎక్కువ భాగం దాని పేగులోనే పని ముగించుకుని బయటికి పోతుంది. కర్‌క్యుమిన్ మనిషి పేగులోనే సరిగా ఇంకదు, చేపలోనూ అంతే. కండలోకి చేరేది అతి స్వల్పం. మీరు చేపల పులుసులో వేసే అర చెంచా పసుపు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి మూలికల గుణం కోసం ఎక్కువ డబ్బు పెట్టవలసిన పని లేదు.

అయితే ఈ మేత వల్ల మీకు పరోక్షంగా ఒక మేలు ఉంది, దానిని నేను చాలా పెద్ద మేలుగా భావిస్తాను. జబ్బు తక్కువగా వచ్చే చెరువులో యాంటీబయాటిక్‌ల అవసరం తగ్గుతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులను మన దేశంలో ఆక్వా సాగులో నిషేధించారు. పశువుల మేతలో ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌లు కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపివేసింది. భయం కేవలం చేప కండలో మిగిలే మందు గురించి కాదు. తక్కువ మోతాదులో పదే పదే మందు తగిలిన చెరువులో ఆ మందుకు లొంగని బాక్టీరియా తయారవుతుంది, ఆ లొంగని గుణం ఒక బాక్టీరియా నుంచి మరొక దానికి పాకుతుంది, చివరికి మన పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు వాడే మందు కూడా పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది. రైతు మూలికల వైపు చూస్తున్నాడంటే ఆ దారి నుంచి తప్పుకోవాలని చూస్తున్నాడని అర్థం, అందుకు అతనిని ప్రోత్సహించాలి.

చెరువు చేపను మానవలసిన అవసరం లేదు. మొప్ప ఎర్రగా ఉందా, కన్ను తేటగా ఉబ్బి ఉందా, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తోందా అని చూసి కొనండి. శుభ్రంగా ఐసులో పెట్టి తెచ్చిన శీలావతి, బొచ్చె మంచి ఆహారమే.

ప్రశ్న: నేను మత్స్యశాస్త్రంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రతి వ్యాసంలోనూ “మూలికలు రోగనిరోధక శక్తిని పెంచుతాయి” అని రాసి ఉంటుంది. పెరగడం అంటే చేప ఒంట్లో నిజంగా ఏం జరుగుతుంది? దేన్ని కొలిచి పెరిగిందని చెబుతారు?
– ఒక విద్యార్థిని, పొన్నేరి

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఈ మాటను వాడేవారు చాలామందే ఉన్నా, దాన్ని విప్పి చూసేవారు తక్కువ.

ముందు చేప శరీరాన్ని గుర్తు చేసుకోండి. మనకు రక్తకణాలు ఎముకల మజ్జలో పుడతాయి. చేపకు ఆ ఏర్పాటు లేదు. తలవైపు ఉండే మూత్రపిండ భాగం, ప్లీహం ఆ పని చేస్తాయి. ఒకసారి సోకిన క్రిమిని గుర్తుపెట్టుకుని దానికి సరిపడే ప్రతిరక్షకాలను తయారుచేసే వ్యవస్థ చేపకూ ఉంది కాని, నిదానంగా నడుస్తుంది, ప్రతిరక్షకాలు తయారు కావడానికి వారాలు పడుతుంది, నీరు చల్లగా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. అందువల్ల చేప ఎక్కువగా ఆధారపడేది పుట్టుకతో వచ్చిన రక్షణ మీద: ఒంటిని కప్పిన జిగురు, ఆ జిగురులోనూ రక్తంలోనూ ఉండి బాక్టీరియా గోడను చీల్చే లైసోజైమ్, క్రిములను మింగే తెల్లకణాలు, రక్తరసంలో ఉండి క్రిములను చంపడానికి తోడ్పడే కాంప్లిమెంట్ ప్రోటీన్లు. మూలికల ప్రభావం ప్రధానంగా కనిపించేది ఈ భాగం మీదనే. వాటిలోని కొన్ని చక్కెర గొలుసులు, ఇంకా కొన్ని రసాయనాలు పేగు గోడ దగ్గర ఉన్న రక్షణ కణాలను తట్టి లేపుతాయి. కణం మింగే వేగం పెరుగుతుంది, మింగిన క్రిమిని చంపడానికి అది విడుదల చేసే చురుకైన ఆక్సిజన్ ఎక్కువవుతుంది. ప్రయోగశాలలో మీరు ఎన్‌.బి.టి. అనే నీలిరంగు పరీక్షతో కొలిచేది ఈ ఆక్సిజన్‌నే.

రెండో మార్గం జీర్ణక్రియ. అల్లం, వెల్లుల్లి, మెంతి వంటివి పైత్యరసాన్ని, జీర్ణ ఎంజైములను పెంచి, మేత మార్పిడి నిష్పత్తిని, అంటే తిన్న మేతకు చేప పెరిగే బరువును, కొంత మెరుగుపరుస్తాయి. బాగా తిని బాగా అరిగించుకున్న చేపకు జబ్బును తట్టుకునే శక్తి సహజంగానే ఎక్కువ. మూడోది నేరుగా క్రిమిని అణచడం. అల్లిసిన్‌కు ప్రయోగశాలలో గాజు పలక మీద పెంచిన క్రిముల విషయంలో ఆ శక్తి స్పష్టంగా ఉంది, కాని మేత ద్వారా వెళ్లిన కొద్దిపాటి మోతాదు పేగులో తప్ప మిగతా ఒంట్లో క్రిములను చంపగలదని అనుకోవడం తొందరపాటు. గాజు పలక ఫలితాన్ని చెరువుకు అన్వయించే అలవాటు మీ తరమైనా మానుకోవాలి.

మన దేశంలో జరిగిన పని గర్వించదగినది. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో రోహు మేతలో ఉత్తరేణి గింజల పొడిని 0.01 నుంచి 0.5 శాతం దాకా కలిపి, తరువాత ఏరోమోనాస్ హైడ్రోఫిలాను ఎక్కించి చూశారు. మూలిక తిన్న చేపల్లో రక్షణ సూచికలు పెరిగాయి, ఎక్కువ చేపలు బతికాయి. మరుసటి ఏడాది సీఫా శాస్త్రవేత్తలు కిలో మేతకు 1, 5, 10 గ్రాముల చొప్పున వెల్లుల్లిని 60 రోజులు ఇచ్చి రోహు మీదనే పరీక్షించారు. మనం పారేసే మామిడి టెంకలోని జీడిని కూడా వారు అదే విధంగా పరీక్షించడం నాకు ఎంతో నచ్చిన విషయం. మదురైలో టిలాపియా మీద తులసితోనూ, ఇక్కడ చెన్నై ఇళ్లలో రసంలో వేసుకునే తూదువళై అనే ముళ్ల తీగతోనూ పరిశోధనలు జరిగాయి.

ఈ వ్యాసాలు చదివేటప్పుడు మూడు విషయాలు గమనించండి. ఒకటి, ఇవి ఎక్కువగా తొట్లలో చేసినవి. తొట్టిలో నీరు శుభ్రంగా ఉంటుంది, మేత అంతా తూచి పెడతారు, క్రిమిని సూదితో ఎక్కిస్తారు. చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోతుంది, అమ్మోనియా పెరుగుతుంది, క్రిమి మొప్పల గుండా, గాయాల గుండా వస్తుంది. రెండు, మూలిక పేరు ఒకటే అయినా నేల, ఋతువు, కోసిన వయసు, ఎండబెట్టిన తీరు బట్టి దానిలోని సారం మారిపోతుంది. సారాన్ని కొలవకుండా “తులసి 1 శాతం” అని రాసిన వ్యాసాన్ని మరొకరు తిరిగి చేసి చూడలేరు. మూడోది, లైసోజైమ్ పెరగడం మేలుకు సూచన మాత్రమే. చివరికి చూడవలసింది క్రిమి సోకిన తరువాత ఎన్ని చేపలు బతికాయన్నది. మీరు ప్రాజెక్టు చేసే రోజు వచ్చినప్పుడు, ఒక చెరువులో హాపాలు కట్టి, ఒక వానకాలం మొత్తం చేసి చూపితే, తొట్టిలో చేసిన పది ప్రయోగాల కంటే రైతుకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: పులికాట్ దగ్గర ఉప్పునీటి చెరువులో పండుగప్ప వేశాం. కార్పు చేపలకు కలిపినట్లే దీనికీ ఆకుల పొడి కలపవచ్చా?
– ఒక పాఠకుడు, రెడ్‌హిల్స్

జవాబు: అంత మోతాదులో వద్దు. రోహు, కట్లలకు మేతలో నూటికి 25 నుంచి 30 పాళ్ల మాంసకృత్తులు చాలు, పీచు కూడా కొంతవరకు అరిగించుకుంటాయి. పండుగప్ప మాంసాహారి. దాని మేతలో మాంసకృత్తులు 40 పాళ్లకు పైగా ఉండాలి, ఆకుల పీచును దాని పొట్టి పేగు భరించలేదు. కలపదలచుకుంటే పొడి కాకుండా సారం రూపంలో, అతి తక్కువగా, గుళికల పైపూతగా ఇవ్వాలి. చెన్నై రాజా అన్నామలైపురంలో ఉన్న కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, అంటే సీబా, 1997లోనే పండుగప్పను బంధనంలో గుడ్లు పెట్టించింది. ముట్టుకాడులో వారి ప్రయోగ క్షేత్రం ఉంది. ఈ చేప మేత గురించి వారిని మించి చెప్పగలవారు మన దగ్గర లేరు. ఒకసారి వెళ్లి కలవండి.

ప్రశ్న: కొళత్తూరులో మా అన్నయ్య రంగుచేపల దుకాణం నడుపుతాడు. ఫైటర్ చేపల తొట్టిలో ఎండు బాదం ఆకు వేస్తాడు. ఇది మూలిక కిందికే వస్తుందా? గోల్డ్‌ఫిష్‌కు వెల్లుల్లి పెట్టవచ్చా?
– ఒక యువ పాఠకుడు, కొళత్తూరు

జవాబు: మన వీధుల్లో గొడుగులా విస్తరించే బాదం చెట్టు ఆకు అది. ఎండిన ఆకు నుంచి టానిన్లు అనే వగరు పదార్థాలు నీటిలోకి దిగి, నీరు తేనె రంగుకు మారుతుంది, ఆమ్లత్వం కొంచెం పెరుగుతుంది, బూజు కొంత అణుగుతుంది. ఫైటర్ చేప పుట్టినచోట నీరు కూడా ఆకులు నాని అలాగే ఉంటుంది కాబట్టి దానికి సరిపోతుంది. మీ అన్నయ్య చేసేది సరైన పనే. రోడ్డు పక్క దుమ్ము, పురుగుమందు పడని ఆకు ఏరుకుని, కడిగి వాడమనండి. గోల్డ్‌ఫిష్‌కు అంత ఆమ్లపు నీరు నచ్చదు, దాని తొట్టిలో ఆకు వద్దు. వెల్లుల్లి విషయంలో, ఒక చుక్క తాజా రసాన్ని మేత మీద వేసి ఆరబెట్టి వారానికి రెండు సార్లు పెట్టండి. మేత ముట్టని చేపను ఆ వాసన దగ్గరికి రప్పించడం మేము చాలాసార్లు చూశాం.

ప్రశ్న: మూలికలు ప్రకృతి ఇచ్చినవి కదా, ఎక్కువైతే వచ్చే నష్టం ఏముంటుంది? మా బంధువు ఒకాయన వేపాకు ముద్ద దండిగా కలుపుతున్నాడు. ఇంకొకరు దుకాణంలో “హెర్బల్” అని రాసిన పొట్లాలు కొని వాడుతున్నారు. రెండింటిలో ఏది మేలు?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: మొదటి మాటను నేను గట్టిగా కాదంటున్నాను. చెరువు ఎండకుండానే కలుపు చేపలను చంపదలచినప్పుడు మన రైతులు ఏం వేస్తారు? ఇప్ప గింజల చెక్క. హెక్టారుకు మీటరు లోతు నీటికి 2,500 కిలోలు వేస్తే దానిలోని సాపోనిన్ చేప మొప్పలను, ఎర్రకణాలను దెబ్బతీసి చెరువంతా తేల్చేస్తుంది. అది కూడా చెట్టు నుంచి వచ్చినదే. లవంగ నూనెలోనూ, తులసిలోనూ ఉండే యూజినాల్‌ను చేపలకు మత్తు ఇవ్వడానికి వాడతారు. బొప్పాయి గింజలు టిలాపియాలో సంతానాన్ని తగ్గిస్తాయి. చెట్టులో ఉన్న ప్రతి శక్తీ మోతాదు మారితే మరొక ముఖం చూపిస్తుంది.

వేప మరీ జాగ్రత్తగా చూడవలసినది. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, ఒక రైతు చెరువులో పేను బెడద తగ్గాలని వేపాకు పొడిని కిలో మేతకు 50 గ్రాముల చొప్పున కలపమని నేనే చెప్పాను. చేదుకు చేప నాలుగు రోజులు మేత ముట్టలేదు, తినని మేత అడుగున కుళ్లి, ఐదో రోజు తెల్లవారేసరికి చేప పైకి తేలి గాలి మింగుతూ కనిపించింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు కాని, ఆ ఉదయం గట్టు మీద ఆయన నిలబడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. వేపలోని అజాడిరక్టిన్ వంటి పదార్థాలు నీటిలో ఎక్కువైతే చేపకు నేరుగా విషమే. అందువల్ల మీ బంధువును వేప ముద్ద మానమని చెప్పండి. చేదు మూలికలే కావాలనుకుంటే నేలవేము, తిప్పతీగ వంటివి కూడా కిలో మేతకు రెండు మూడు గ్రాములు మించకుండా, ముందు కొన్ని చేపలకు పెట్టి చూసిన తరువాతే వాడాలి.

ఇంట్లో తయారుచేసే పొడిలో కూడా కల్తీ, బూజు అనే రెండు ప్రమాదాలు ఉన్నాయి. పసుపు పొడికి రంగు రావడానికి సీసం కలిసిన లెడ్ క్రోమేట్ కలిపే దుర్మార్గం ఉంది, ఆ సీసం చేప ఒంట్లో చేరితే అక్కడి నుంచి మన కంచంలోకి వస్తుంది. కాబట్టి కొమ్ములు కొని మర పట్టించుకోండి. ఆకులు, వేరుశనగ చెక్క సరిగా ఆరకపోతే వాటిమీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది, అది చేప కాలేయాన్ని తినేస్తుంది. చెన్నై గాలిలోని తేమకు ఇక్కడ ఇది త్వరగా వస్తుంది. పొడి వాసన ముక్కిపోతే ఎంత ఖరీదైనదైనా పారవేయండి.

పొట్లాల విషయంలో నాకు వ్యతిరేకత లేదు, ఒక షరతు మాత్రం ఉంది. పొట్లం మీద ఏ మొక్క, దానిలో ఏ భాగం, ఎంత పాళ్లలో ఉందో రాసి ఉండాలి. తయారైన తేదీ, వాడవలసిన మోతాదు ఉండాలి. “రహస్య మిశ్రమం” అని ఉన్న పొట్లం వాడినప్పుడు రెండు రోజుల్లోనే అద్భుతంగా పనిచేసిందంటే సంతోషపడకండి, అనుమానపడండి. మూలిక అంత వేగంగా పనిచేయదు, లోపల యాంటీబయాటిక్ ఉండవచ్చు. నిషేధించిన యాంటీబయాటిక్‌లు లేవని పరీక్ష నివేదిక చూపమని దుకాణదారుని అడగడం మీ హక్కు. తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ కార్యాలయం చెన్నైలోనే ఉంది, ఆక్వా సాగు మందులకు, మేతలకు అది ఇచ్చే ధ్రువపత్రం ఉందో లేదో కూడా అడగండి. మీ బంధువు కొంటున్న పొట్లాల మీది వివరాలు ఫొటో తీసి ఈ శీర్షికకు పంపితే, వచ్చే నెల వాటిలోని మొక్కలు, వాటి పాళ్లు ఏమిటో పరిశీలించి రాస్తాను.